మా గల్లీకి 30, ఓఆర్‌ఆర్‌కి 120

ఆదివారం పొద్దున. కాఫీ ఇంకా సగం కూడా తాగలేదు. నాన్న తన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ఈ-చలాన్. ఓవర్ స్పీడ్. మొత్తం 1,035 రూపాయలు. వెయ్యి జరిమానా, పైన ముప్పై ఐదు యూజర్ ఛార్జీలు. కింద ఫొటోలో మా కారు వెనకభాగం, నంబర్ ప్లేటు, పక్కనే 78 అనే అంకె.

"ఏందిరా ఇది? నేనెప్పుడూ యాభై దాటలే."

కారు ఆయన పేరు మీద ఉంది. ఆ రోజు నడిపింది మాత్రం నేనే. తప్పించుకునే దారి లేక ఒప్పుకున్నా. విచిత్రం ఏంటంటే, నడిపింది నేనని తెలియగానే నాన్న నా లాయర్ అయిపోయాడు. "డెబ్బై ఎనిమిదికే చలానా? పొద్దున ఆరింటికి రోడ్డంతా ఖాళీ. మధ్యల డివైడర్ ఉన్నది. ఓఆర్‌ఆర్ మీద నూట ఇరవై పోనిస్తరు గద, ఇక్కడ అరవై అని ఎవడు చెప్పిండు?"

నేను ఇంజినీరింగ్ చదివాను. ఉద్యోగంలో రోజూ మ్యాప్ డేటాతోనే పని. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కగట్టే కోడ్ రాసి జీతం తీసుకుంటాను. అయినా నాన్న అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. చలాన్ అప్పుడే కట్టేశాను, తప్పు నాదే కాబట్టి. ప్రశ్న మాత్రం వదల్లేదు.

మేముండేది మారేడ్‌పల్లిలో. రోడ్ల గురించి తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి అడ్రస్ దొరకదేమో. ఇంటి ముందు గల్లీ. గల్లీ దాటితే మెయిన్ రోడ్డు. పది నిమిషాల్లో జేబీఎస్. ఆ పక్కన ప్యారడైజ్ నుంచి బోయిన్‌పల్లి, సుచిత్ర మీదుగా మేడ్చల్ వైపు వెళ్లేది జాతీయ రహదారి 44. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా కరీంనగర్ వైపు వెళ్లేది రాజీవ్ రహదారి, అంటే స్టేట్ హైవే 1. అదే దారిలో శామీర్‌పేట దాకా వెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు, ఎగ్జిట్ నంబర్ 7. గంట డ్రైవింగ్‌లో దేశంలో ఉన్న రోడ్ల రకాలు దాదాపు అన్నీ చక్రాల కిందకి వచ్చేస్తాయి.

పేరు చూసి స్పీడ్ పెంచొద్దు

ముందు నాకున్న ఒక భ్రమ పోయింది. నేషనల్ హైవే అంటే ఫాస్ట్ రోడ్డు అనుకునేవాణ్ని. కాదు. అది వేగం గురించి చెప్పే మాటే కాదు. ఆ రోడ్డు ఎవరిది, ఖర్చు ఎవరు పెట్టాలి, బాధ్యత ఎవరిది అనేదే ఆ పేరు చెబుతుంది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద కేంద్రం ప్రకటిస్తే అది నేషనల్ హైవే. రాష్ట్రం ప్రకటిస్తే స్టేట్ హైవే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 3,700 కిలోమీటర్లు సాగే ఎన్‌హెచ్ 44, బోయిన్‌పల్లి దగ్గర సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటుందో అక్కడ ఇరుక్కున్నవాళ్లకి తెలుసు. నంబర్ ఒకటే, వేగం మాత్రం నడిచేవాడికంటే కాస్త ఎక్కువ.

నంబర్ల సంగతి వచ్చింది కాబట్టి చిన్న ముక్క. మన పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని 'ఎన్‌హెచ్ సెవెన్' అనే అంటారు. 2010లో నంబర్లన్నీ మార్చారు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లేవాటికి సరి సంఖ్యలు, తూర్పు పడమరలకి బేసి సంఖ్యలు. అలా 7 కాస్తా 44 అయ్యింది. విజయవాడ హైవే 9 నుంచి 65 అయ్యింది. కాలేజీ రోజుల్లో ఈ లాజిక్ ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఒక్క మార్కుల ప్రశ్నకైనా పనికొచ్చేది.

ఇంకో సరదా సంగతి. మనం ఇంత గంభీరంగా వాడే 'రహదారి' అనే మాట పారసీ నుంచి వచ్చింది. అక్కడ 'రాహ్‌దారీ' అంటే దారిలో వసూలు చేసే సుంకం. అంటే టోల్! టోల్ గేట్ దగ్గర ఫాస్టాగ్ బీప్ అన్నప్పుడల్లా ఇప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది.

మరి నిజంగా వేగం కోసమే కట్టిన రోడ్డు ఏది? ప్రపంచం దాన్ని మోటార్‌వే అంటుంది. జర్మనీలో కొలోన్, బాన్ నగరాల మధ్య 1932లోనే అలాంటి రోడ్డు తెరిచారు. బ్రిటన్‌లో మొదటిది ప్రెస్టన్ బైపాస్, 1958 డిసెంబర్. దేశాలు వేరైనా లక్షణాలు మాత్రం అవే. రోడ్డు పక్కన ఉన్న ఇల్లు, షాపు, పొలం నుంచి నేరుగా దాని మీదకి రాకూడదు. రెండు దిశల ట్రాఫిక్ మధ్య విభజన ఉండాలి. ఇంకో రోడ్డు గానీ, రైలు పట్టా గానీ, నడిచే దారి గానీ దాన్ని అదే ఎత్తులో దాటకూడదు. ఎన్ని లేన్లు, ఎంత నున్నగా ఉంది అనేవి తర్వాత సంగతి. కుక్క, ఆవు, స్కూల్ పిల్ల, రాంగ్ రూట్ ఆటో, ఇవేవీ సడెన్‌గా ముందుకి రాలేవన్న హామీ ఉంటేనే అది మోటార్‌వే. మన భాషలో యాక్సెస్ కంట్రోల్డ్ ఎక్స్‌ప్రెస్‌వే.

ఈ లెక్కన హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పరీక్ష పాసైపోతుంది. ఎనిమిది లేన్లు. ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌చేంజ్ దగ్గరే. పక్కన ఊళ్ల కోసం విడిగా సర్వీస్ రోడ్లు. బైకులకి, ఆటోలకి, నడిచేవాళ్లకి ప్రవేశం లేదు. 2008లో గచ్చిబౌలి-శంషాబాద్ ముక్కతో మొదలై, 2018లో కండ్లకోయ దగ్గర పూర్తయ్యింది.

మరి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే? పేరులోనే ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కదా! 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్ అది. పైన క్రాసింగులు లేవు, బైకులు రావు. కానీ ఊరి మధ్యలో, నాలుగు లేన్లతో, ఇళ్ల కిటికీల పక్క నుంచి సాగే ఆ రోడ్డుని 120కి తయారైన రోడ్డుతో ఒకే గాటన కట్టలేం.

ఈ గొడవ నాకు ఆఫీసు బయట కూడా ఉంది. ఖాళీ దొరికితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఏరియా రోడ్లు సరిచేస్తుంటాను. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఉచిత మ్యాప్ అది, ఎవరైనా ఎడిట్ చేయొచ్చు. అందులో రోడ్డు గీస్తే అది ఏ జాతిదో చెప్పాలి. మోటార్‌వే, ట్రంక్, ప్రైమరీ, రెసిడెన్షియల్... ఇలా. మన దేశంలో నేషనల్ హైవేని ట్రంక్ అనీ, స్టేట్ హైవేని ప్రైమరీ అనీ పెట్టడం అలవాటు. స్పీడ్ లిమిట్‌కి ఇంకో గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే దారి చూపించే సాఫ్ట్‌వేర్ రోడ్డు జాతిని బట్టి ఏదో ఒక వేగం ఊహించుకుంటుంది. అంటే నేను తప్పు జాతి పెడితే, ఎవరికో 'ఇంకో పన్నెండు నిమిషాల్లో చేరతారు' అని అబద్ధం చెప్పినట్టే. ఆ టైమ్ అందుకోవాలని యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు ఉంటారు. నేనూ తొక్కేవాణ్నే.

అంకె ఎవరు రాస్తారు?

మోటారు వాహనాల చట్టం, 1988. అందులో సెక్షన్ 112. ఏ బండికి గరిష్ఠ వేగం ఎంతో కేంద్రం ప్రకటిస్తుంది. రోడ్డు తీరుని బట్టి, జనం భద్రత కోసం రాష్ట్రం దాన్ని తగ్గించొచ్చు, బోర్డులు పెట్టించొచ్చు.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన పట్టిక చూస్తే నాన్నకి సగం జవాబు దొరికింది. అందులో కారుకి ఒక్క వేగం కాదు, రోడ్డుని బట్టి మారుతుంది. యాక్సెస్ కంట్రోల్డ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద 120. డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద 100. మున్సిపల్ పరిధిలో 70. గూడ్స్ బండికి ఎక్స్‌ప్రెస్‌వే మీదైనా 80 దాటకూడదు. ఆటోకి ఎక్కడైనా 50. లారీకి, కారుకి ఒకే అంకె ఎందుకు లేదో పక్కన లోడ్ లారీ బ్రేక్ వేసినప్పుడు వచ్చే చప్పుడు వింటే అర్థమవుతుంది.

ఇక్కడ కథలో ఒక మలుపు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ 2018 నోటిఫికేషన్‌ని కొట్టేసింది. రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన ఓ డెంటిస్ట్ నష్టపరిహారం కేసు వింటూ, ప్రమాదాలకి పెద్ద కారణం వేగమే అయినప్పుడు వేగం పెంచడం ఏంటని నిలదీసింది. రోడ్లు మెరుగయ్యాయి, ఇంజిన్లు మెరుగయ్యాయి అన్నది ప్రభుత్వ వాదన. నా మటుకు నాకు ఇద్దరి మాటల్లోనూ న్యాయం కనిపించింది, కానీ మెరుగుపడని మూడోది ఒకటుంది. స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషి. వాడి రిఫ్లెక్స్‌లకి కొత్త వెర్షన్ రాలేదు.

మన ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠం చాలాకాలం 100గా ఉండేది. 2023లో 120 చేశారు. డివైడర్ పక్కనుండే కుడివైపు రెండు లేన్లు వేగంగా వెళ్లేవాళ్లవి, ఎడమ రెండూ నిదానంగా వెళ్లేవాళ్లవి. 40 కంటే తక్కువ వేగంతో అసలు వెళ్లకూడదు. చాలామందికి ఈ చివరి నియమం వింతగా ఉంటుంది, నెమ్మదిగా పోతే కూడా తప్పేనా అని. నూట ఇరవైలో వస్తున్న కారుకి నలభైలో పోతున్న లారీ, ఎనభై వేగంతో ఎదురొస్తున్న గోడ లాంటిది. మధ్య దూరం 200 మీటర్లున్నా తొమ్మిది సెకన్లలో అయిపోతుంది.

సిటీ లోపలి సంగతి వేరే. గ్రేటర్ హైదరాబాద్ పరిధికి 2022లో రాష్ట్రం విడిగా లిమిట్లు ప్రకటించింది. డివైడర్ ఉన్న రోడ్డు మీద కారుకి 60, లేని చోట 50. బైకులకి, బస్సులకి, ఆటోలకి డివైడర్ ఉంటే 50, లేకపోతే 40. కాలనీ రోడ్ల మీద ఎవరికైనా 30.

అదీ సంగతి. నాన్నా, అరవై అని వీళ్లు చెప్పిండ్రు.

250 మీటర్ల లెక్క

అంకెలు తెలిశాయి గానీ, ఆ అంకెలే ఎందుకు అన్నది ఇంకా మిగిలింది. దీనికి జవాబు మా సివిల్ ఫ్రెండ్ ఒకడు ఇరానీ హోటల్లో బిల్లు వెనక రాసి చూపించాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ప్రమాణాల్లో 'ఆగడానికి కావాల్సిన చూపు దూరం' అని ఒకటుంది. అడ్డం కనపడిన క్షణం నుంచి బండి పూర్తిగా ఆగేదాకా పట్టే దూరం. అందులో మొదటి భాగం, మెదడుకి అర్థమై కాలు బ్రేక్ మీదకి వెళ్లేదాకా రెండున్నర సెకన్లు. ఆ టైమ్‌లో బండి ఒక్క పాయింట్ కూడా తగ్గదు. రెండో భాగం టైర్లు, రోడ్డు కలిసి ఆపే దూరం. ఇది వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఈ ముక్క నాలుగింతలు.

లెక్క వేస్తే 30లో వచ్చేవాడికి సుమారు 30 మీటర్లు కావాలి. 60లో 80. 100లో 180. 120లో దాదాపు 250 మీటర్లు. అంటే 120కి రోడ్డు కట్టాలంటే ప్రతి మలుపులో, ప్రతి ఎత్తు మీదా 250 మీటర్ల ముందు ఏముందో కనపడాలి. అందుకే ఓఆర్‌ఆర్‌లో ఒంపులు అంత విశాలంగా, సాగదీసినట్టు ఉంటాయి. ప్లాన్ గీసేటప్పుడే ఆ వేగం డిజైన్‌లో ఉండాలి. తర్వాత బోర్డు మార్చినంత మాత్రాన రోడ్డు మారదు.

ఇప్పుడు రాత్రి పన్నెండు అనుకోండి. డిమ్ లైట్లు 250 మీటర్లు చూపించవు. ఎడమ పక్కన పార్కింగ్ లైట్లు కూడా వేయకుండా ఆపిన లారీ ఉంటే? 120లో కారు సెకనుకి 33 మీటర్లు పోతుంది. ఆలోచించే రెండున్నర సెకన్లలోనే 83 మీటర్లు అయిపోతాయి. లిమిట్ 120 అంటే పట్టపగలు, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో పైకప్పు అంత అని అర్థం. నేను దాన్ని టార్గెట్ అనుకునేవాణ్ని.

మా సికింద్రాబాద్ కంటోన్మెంట్ వాళ్లకి ఇది పేపర్లో చదివే లెక్క కాదు. 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున మా ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు దగ్గర ఓఆర్‌ఆర్ మీద కారు ప్రమాదంలో చనిపోయారు. అంతకు ముందు ఏడాది అదే ఫిబ్రవరిలో వాళ్ల నాన్న, అప్పటి ఎమ్మెల్యే సాయన్న అనారోగ్యంతో పోయారు. ఆమె వయసు ముప్పైల్లోనే. ఎన్నికల ప్రచారంలో వీధుల్లో తిరిగిన మనిషి, గెలిచి మూడు నెలలు కూడా నిండలేదు. ఆ రోజు పొద్దున మా ఏరియాలో టీ కొట్టు దగ్గర ఎవరూ పార్టీల గురించి మాట్లాడలేదు. 2011లో క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు, పందొమ్మిదేళ్ల కుర్రాడు, అదే ఓఆర్‌ఆర్ మీద బైక్ ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. బైకులు రాకూడదన్న నియమం ఎందుకో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

బాల్కనీలో స్టాప్‌వాచ్

ఓఆర్‌ఆర్ గురించి ఇంత చదివాక ఇంటి ముందు చూశాను. మా గల్లీలో సాయంత్రమైతే పిల్లలు షటిల్ ఆడతారు. పక్కింటి తమిళ మామి ముగ్గు వేసిన చోటి నుంచే కార్లు వెళ్తాయి. ఇక్కడ లిమిట్ 30. అలా అని రాసిన బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నాకు ఒక్కటీ కనపడలేదు.

ఒక శనివారం రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేప్ పెట్టి కొలిచాను. 25 మీటర్లు. బాల్కనీలో నిలబడి ఫోన్‌లో వీడియో తీశాను. ఆ దూరం దాటడానికి మూడు సెకన్లు పడితే వేగం సరిగ్గా 30. రెండు సెకన్లలో దాటేస్తే 45. స్కూటీలు, కూరగాయల ఆటో, కార్లు ఎక్కువగా మూడు సెకన్ల చుట్టుపక్కలే ఉన్నాయి. ఒక్క బైక్ మాత్రం 1.8 సెకన్లలో దూసుకుపోయింది. యాభై. దాని వెంబడే షటిల్ కాక్ ఏరుకోవడానికి ఒక పాప రోడ్డు మీదకి వచ్చింది. అప్పటికి బండి వెళ్లిపోయింది కాబట్టి ఏం కాలేదు.

ఎవడ్రా వీడు అని వీడియో ఆపి జూమ్ చేశా. నల్ల హెల్మెట్, మీద నేనే అంటించిన స్టిక్కర్. మా తమ్ముడు.

"అన్నా, యాభై కూడా ఒక స్పీడేనా?" అన్నాడు.

బిల్లు వెనక లెక్క తీసి చూపించా. పాప ముప్పై మీటర్ల ముందు కనపడింది అనుకుందాం. ముప్పైలో వస్తే ఆమె ముందు బండి ఆగుతుంది. యాభైలో వస్తే ఆలోచించే రెండున్నర సెకన్లలోనే దాదాపు 35 మీటర్లు పోతావు. అంటే ఆమె దగ్గరికి చేరేసరికి నీ చెయ్యి ఇంకా బ్రేక్ మీదకి రాలేదు. తగ్గిన వేగంతో కాదు, పూర్తి యాభైతో తగులుతావు. ఆ దెబ్బ బలం ముప్పైలో ఉన్నదానికి 2.7 రెట్లు పైమాటే.

"నా రిఫ్లెక్స్ రెండున్నర సెకన్లు కాదన్నా. పబ్జీలో చూడు."

పబ్జీలో శత్రువు వస్తాడని తెలిసి ఎదురుచూస్తాం. గల్లీలో ఎవరూ రారనుకుని పోతాం. ఇది చెప్పేలోపే వాడు ఇయర్‌బడ్స్ పెట్టేసుకున్నాడు.

మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట 30 మించకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో దేశాల మంత్రుల సదస్సు ప్రకటించింది. మన కాలనీ రోడ్ల 30 కూడా అదే దారిలో ఉంది. కాగితం మీద మనం స్వీడన్ పక్కనే ఉన్నాం.

కాలనీ పెద్దాయన ఒకరితో మాట్లాడితే, "స్పీడ్ బ్రేకర్ వేయించుదాం, రెండు తట్టల సిమెంట్ చాలు" అన్నారు. దానికీ ప్రమాణం ఉందని చెబితే ఆశ్చర్యపోయారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం హంప్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. 25 వేగంతో వచ్చేవాడు హాయిగా దాటాలి, అంతకు మించి వచ్చేవాడికి ఇబ్బంది కావాలి. మనం వేసుకునే ఒక అడుగు వెడల్పు దిమ్మెలు నడుములు విరగ్గొడతాయి, గర్భిణులని ఏడిపిస్తాయి. వెడల్పు హంప్‌కి అర్జీ రాశాం. పన్నెండు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. మా ఇంటి నుంచి రెండు. నాన్నది, అమ్మది. తమ్ముడు 'చూద్దాం' అన్నాడు.

ఆ రాత్రి మ్యాప్ తెరిచి మా గల్లీని క్లిక్ చేశా. జాతి, రెసిడెన్షియల్. సరిగ్గానే ఉంది. స్పీడ్ గడి ఖాళీ. 30 అని కొట్టి సేవ్ చేశా. మా గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా 300 మీటర్లు. యాభైలో పోతే 22 సెకన్లు, ముప్పైలో పోతే 36. తేడా 14 సెకన్లు. ఈ రెండు అంకెలూ తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. బ్లూ టిక్‌లు పడ్డాయి. రిప్లై లేదు.

మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకి వాడి బండి చప్పుడు వినిపిస్తే బాల్కనీలోకి పరుగెత్తా. మొదటి స్తంభం దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, రెండో స్తంభం దగ్గర ఆపాను.

2.6 సెకన్లు. అంటే ముప్పై ఐదు.

"ఇంకా ఐదు ఎక్కువే ఉంది రా!" అని పైనుంచి అరిచా. హెల్మెట్ తీసి పైకి చూసి, "చలాన్ నాన్నకి పంపు" అన్నాడు.